ఆర్బర్ ప్రెస్సుకు సొంత ఫీడరు: ఇత్తడి బుష్‌లు వాటంతట అవే వచ్చి కూర్చునేలా చేయడం

బెంగళూరులో పీణ్య, కామాక్షిపాళ్య, బొమ్మసంద్ర షెడ్లలో ఇప్పటికీ వేల సంఖ్యలో బుష్‌లు (షాఫ్టు తిరగడానికి హోలులో బిగించే గొట్టపు ముక్కలు) చేత్తోనే నొక్కుతున్నారు. ఒక చేత్తో బుష్ ఏరడం, హోలు మీద పెట్టడం, ఇంకో చేత్తో లివరు లాగడం. ఈ పనికి పెద్ద ఎస్.పి.ఎం. (ఒకే పనికి ప్రత్యేకంగా కట్టే యంత్రం) చేయించే స్తోమత అందరికీ ఉండదు. షెడ్డులో పడి ఉన్న 1 టన్ను ఆర్బర్ ప్రెస్సు (చేతి లివరుతో నొక్కే ప్రెస్సు), ఎస్.పి. రోడ్డులో దొరికే ఎలక్ట్రానిక్స్, ఒక మంచి లేత్ టర్నరు ఉంటే నిమిషానికి 12 నుంచి 15 ముక్కలు నొక్కే యంత్రం కట్టుకోవచ్చు.

మొదటిసారి కట్టేవాళ్ల ధ్యాసంతా కదలిక మీదే ఉంటుంది: సిలిండరు ముందుకెళ్లాలి, ర్యామ్ (ప్రెస్సులో నొక్కే కడ్డీ) కిందికి రావాలి. అది తేలిక. అసలు కష్టమంతా బుష్ వచ్చిందా, నిటారుగా ఉందా, పూర్తిగా దిగిందా అని యంత్రం తనకు తానే తెలుసుకోవడంలో ఉంది. చేత్తో చేసేటప్పుడు ఇవన్నీ వేళ్లు చూసుకుంటాయి. ఆ వేళ్లను తీసేస్తున్నాం కాబట్టి వాటి పని ఇంకెవరికైనా అప్పజెప్పాలి.

ఇక్కడ చెప్పే వంపు పళ్లెం ఫీడరు కొత్తదేమీ కాదు. అమెరికాలో తూటాల ఖాళీ ఇత్తడి కేసులను మళ్లీ నింపే రీలోడింగ్ ప్రెస్సుల మీద కేసులను వరుసలో పెట్టేది ఇలాంటి పళ్లెమే. మన దేశంలో లైసెన్సు లేకుండా మందుగుండు తయారు చేయడం 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షను ప్రకారం నేరం. 2019 సవరణ తర్వాత శిక్ష 7 ఏళ్ల నుంచి యావజ్జీవం దాకా ఉంది. కాబట్టి ఇందులోని కొలతలన్నీ బుష్‌లకే.

ఏ బుష్‌కు ఈ కొలతలు

బయటి వ్యాసం 10 మి.మీ., పొడవు 16 మి.మీ., లోపలి బోరు 6 మి.మీ., రెండు చివరలా 0.5 మి.మీ. చాంఫర్ (అంచు మీద కొట్టే వాలు). ఒక్కొక్కటి దాదాపు 7 గ్రాములు తూగుతుంది. నొక్కేది అల్యూమినియం లివర్ ఆర్మ్‌లోకి. చాంఫర్ ఒక్క చివరే ఉంటే ఏ చివర ముందు పోతుందో చూసుకునే ఏర్పాటు విడిగా కావాలి. టర్నరుతో మాట్లాడి రెండో చివర కూడా కొట్టించడం దానికన్నా ఎన్నో రెట్లు చవక. యంత్రంలో పెట్టాల్సిన తెలివిని ముక్కలోనే పెట్టగలిగితే అలాగే చేయండి.

మీ బుష్ సైజు వేరైతే కింది అంకెలను గుడ్డిగా వాడకండి. ప్రతి అంకె పక్కన కారణం ఉంది, దాన్ని పట్టుకుని లెక్క కట్టుకోండి.

పళ్లెం

250 మి.మీ. పీవీసీ పైపులో 100 మి.మీ. ముక్క కోయిస్తే అదే గిన్నె గోడ. అడుగున 6 మి.మీ. అల్యూమినియం ప్లేటు. దాని మీద తిరిగే చక్రం 8 మి.మీ. డెల్రిన్‌దో అక్రిలిక్‌దో. చక్రం వ్యాసాన్ని పైపు లోపలి వ్యాసం కొలిచాకే తేల్చండి, దానికన్నా 2 మి.మీ. తక్కువ ఉండాలి. పైపు మీద రాసిన సైజు బయటి వ్యాసానిది; లోపలిది క్లాసును బట్టి మారుతుంది. దీన్ని మరచి లేజరు కటింగ్‌కు ఇచ్చేస్తే చక్రం గోడకు రాసుకోవడమో, చుట్టూ వదులుగా ఉండి చీలలు (లేత్ మీద రాలే లోహపు పొట్టు) ఇరుక్కోవడమో జరుగుతుంది.

చక్రం అంచున 16 స్లాట్లు. ఒక్కోటి అంచు వెంట 18 మి.మీ. పొడవు, అంచు నుంచి లోపలికి 11 మి.మీ. లోతు, బయటివైపు తెరిచి ఉండాలి. బుష్ ఇందులో అంచుకు సమాంతరంగా పడుకుంటుంది. ఈ మూడు కొలతలకూ లెక్క ఉంది. పొడవు 16కు 2 కలిపితే 18. కానీ 20 దాటకూడదు, దాటితే రెండు బుష్‌లు పక్కపక్కనే నిలబడి ఒకే స్లాటులో దూరతాయి. లోతు 10కి 1 కలిపితే 11. ఇక చక్రం మందం బుష్ వ్యాసంలో 70 నుంచి 90 శాతం మధ్య ఉండాలి. 8 మి.మీ. అయితే బుష్ 2 మి.మీ. పైకి కనిపిస్తుంది, దాని మీద ఎక్కిన రెండో బుష్ నిలవలేక జారిపోతుంది. మందం 12 పెడితే ఆ రెండోది కూడా కొంత దూరి కూర్చుంటుంది. 5 పెడితే పైకి చేరేలోపే స్లాటులోంచి దొర్లి పడిపోతుంది.

అక్రిలిక్ అయితే స్లాటు మూలల్లో 1 మి.మీ. రేడియస్ ఇవ్వమని డ్రాయింగులోనే రాయండి. పదునైన మూల ఉన్న అక్రిలిక్‌లో పగులు అక్కడినుంచే మొదలవుతుంది.

గిన్నెను నేలకు 40 డిగ్రీల వంపులో బిగించాలి, కానీ వంపు మార్చుకునేలా స్టాండుకు వంపు తిరిగిన స్లాటు కొట్టించండి. 30 కన్నా తగ్గితే బుష్‌లు గుంపుగా చక్రం మీదే కూర్చుని పైదాకా ప్రయాణం చేస్తాయి. 50 దాటితే స్లాట్లలో ఉన్నవి కూడా రాలిపోతాయి. సరైన వంపు మీ బుష్‌లకున్న నూనెను బట్టి రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ ఉంటుంది.

అడుగు ప్లేటుకు పైభాగంలో, గడియారంలో 12 ఉండే చోట, ఒక కన్నం. దాని వెడల్పు 13, పొడవు 24 మి.మీ. స్లాటు 18 అయితే కన్నం 24 ఎందుకంటే బుష్ కింద పడుతున్నంతసేపూ చక్రం తిరుగుతూనే ఉంటుంది. చక్రం నిమిషానికి 4 చుట్లు తిరిగితే అంచు వేగం సెకనుకు 50 మి.మీ. పైచిలుకు. బుష్ తన మందమంత కిందికి జారడానికి సెకనులో ఇరవయ్యో వంతు పడుతుంది, ఆలోపు చక్రం 2.6 మి.మీ. జరుగుతుంది. అదే 10 చుట్లు తిప్పితే 6.5 మి.మీ. జరుగుతుంది, సగం దిగిన బుష్‌ను స్లాటు అంచు కన్నం గోడకేసి నొక్కుతుంది. ఫీడరు జామ్ అయ్యే సందర్భాల్లో ఎక్కువ భాగం ఇదే. ఉత్పత్తి పెంచాలని మోటారు వేగం పెంచడం మాత్రం చేయకండి. 4 చుట్లకు నిమిషానికి 64 స్లాట్లు వస్తాయి. సగం ఖాళీగా వచ్చినా 32 బుష్‌లు. ప్రెస్సుకు కావలసింది 15.

గడియారంలో 10 ఉండే చోట (చక్రం సవ్య దిశలో తిరిగితే) గోడకు ఒక నైలాన్ బ్రష్ ముక్క బిగించండి, దాని కొన చక్రం పైతలానికి 4 మి.మీ. ఎత్తులో ఉండాలి. పడుకున్న బుష్ 2 మి.మీ. మాత్రమే పైకి ఉంటుంది కాబట్టి కిందినుంచి పోతుంది. నిలబడ్డది 8 మి.మీ. పొడుచుకుని ఉంటుంది, దాన్ని బ్రష్ తోసేస్తుంది.

మోటారు 12 వోల్టుల సైడ్ షాఫ్ట్ గేర్డ్ మోటారు, 10 ఆర్.పి.ఎం., టార్కు కనీసం 20 కేజీ-సెం.మీ. వేగం పీడబ్ల్యుఎంతో (కరెంటును వేగంగా ఆన్-ఆఫ్ చేసే పద్ధతి) 4కు తగ్గించాలి. చక్రాన్ని షాఫ్టుకు స్క్రూతో బిగించకండి. 40 మి.మీ. ఫ్లాంజ్ ఉన్న హబ్బు, దాని మీద ఫెల్ట్ వాషరు, చక్రం, మళ్లీ ఫెల్ట్, స్టీలు వాషరు, స్ప్రింగు, ఎం6 నైలాక్ నట్టు. నట్టు బిగింపును బట్టి చక్రం జారుతుంది. అంచుకు తూకపు స్ప్రింగు కొక్కెం తగిలించి లాగితే 700 నుంచి 800 గ్రాముల దగ్గర జారాలి. 12 సెం.మీ. చేతి మీద అది దాదాపు 9 కేజీ-సెం.మీ., మోటారు సామర్థ్యంలో సగం లోపు. ఇది లేకపోతే ఒక్క చీల అడ్డుపడినా ప్లాస్టిక్ గేరు పళ్లో, అక్రిలిక్ స్లాటో పోతుంది.

ట్యూబు

కన్నం కింద ఒక గరాటు. దాని ఒక పక్క వాలుగా, రెండో పక్క నిటారుగా ఉండాలి. అప్పుడు పడుకుని పడిన బుష్ ఒక చివర ముందు జారి నిలువుగా ట్యూబులోకి దిగుతుంది. రెండు పక్కలా వాలు ఉంటే బుష్ అడ్డంగా వంతెనలా కూర్చుంటుంది. త్రీడీ ప్రింటు చేయించేట్టయితే లోపలి తలాన్ని నీళ్ల పేపరుతో రుద్దించండి, లేయర్ గీతలకు చాంఫర్ అంచు తగులుకుంటుంది.

ట్యూబు పారదర్శకంగా ఉండే పీయూ లేదా పీవీసీ, లోపల 12 మి.మీ. ఎక్కడా 150 మి.మీ. రేడియస్ కన్నా గట్టిగా వంచకండి. 10 మి.మీ. బుష్‌కు 11 మి.మీ. ట్యూబు చూడ్డానికి చక్కగా ఉంటుంది గానీ వంపులో అది గుడ్డులా నొక్కుకుపోయి బుష్ ఆగిపోతుంది.

ట్యూబు మీద రెండు చోట్ల కాపలా కావాలి. పైది నిండిందని చెప్పి మోటారు ఆపుతుంది, కిందది కనీసం 5 బుష్‌లు ఉన్నాయని చెప్పి ప్రెస్సుకు అనుమతి ఇస్తుంది. ఇక్కడ అందరూ ఇండక్టివ్ ప్రాక్సిమిటీ సెన్సరు కొంటారు. దాని మీద రాసిన 4 మి.మీ. దూరం ఉక్కుకు. ఇత్తడికి అందులో సగం కూడా రాదు, బుష్ లాంటి చిన్న గుండ్రటి ముక్కకు ఇంకా తగ్గుతుంది. ట్యూబు గోడ మందం పోగా మిగిలేదేమీ ఉండదు. టేబుల్ మీద పరీక్షించినప్పుడు వెలిగిన లైటు యంత్రం మీద ఎక్కాక అప్పుడప్పుడు వెలగదు, ఆ అప్పుడప్పుడే ప్రాణం తీస్తుంది.

దానికి బదులు ఐఆర్ (కంటికి కనపడని పరారుణ కాంతి) ఎల్ఈడీ, ఎదురుగా ఆ కాంతిని పట్టే ఫోటో ట్రాన్సిస్టరు. ఒక నైలాన్ దిమ్మెకు ట్యూబు పట్టే బోరు వేసి, దానికి అడ్డంగా 3 మి.మీ. కన్నం ఇటునుంచి అటు కొట్టి, రెండు వైపులా వీటిని దించండి. ఎల్ఈడీకి 5 వోల్టుల మీద 220 ఓమ్స్, ట్రాన్సిస్టరుకు 10కె పుల్-అప్. నైలాన్ నల్లదైతే షెడ్డు లైట్లు ఇబ్బంది పెట్టవు. పై సెన్సరు ముందునుంచి ప్రతి బుష్ పడుతూ పోతుంది కాబట్టి చీకటి 1.5 సెకన్లు ఆగకుండా ఉంటేనే ట్యూబు నిండిందని ప్రోగ్రాములో రాయండి.

స్లైడు: 0.2 మి.మీ. దగ్గర గెలుపోటములు

ట్యూబు అడుగున ఒక ఉక్కు స్లైడు. అందులో 10.3 మి.మీ. కన్నం. వెనక్కి ఉన్నప్పుడు బుష్ అందులో పడుతుంది, ముందుకు పోతే కన్నం ర్యామ్ కిందికి వస్తుంది, స్లైడు పైతలమే తర్వాతి బుష్‌కు అడ్డుగా నిలుస్తుంది.

స్లైడు మందం ఎంత? బుష్ పొడవు 16 కాబట్టి 16 అని కోయిస్తే, టర్నింగులో 16.1 వచ్చిన బుష్ పైకి తేలి ట్యూబు హోల్డరు అంచుకు కొట్టుకుంటుంది. మందం 17 చేస్తే తర్వాతి బుష్ కన్నంలోకి 1 మి.మీ. దిగబడి, స్లైడు కదలగానే దాని పక్క గోడ కోసుకుపోతుంది. సరైనది 16.2. బుష్ టాలరెన్సు 0.1 అటూ ఇటూ అనుకుంటే తర్వాతి బుష్ 0.1 నుంచి 0.3 మి.మీ. మాత్రమే దిగుతుంది. చాంఫర్ 0.5 ఉంది కదా, ఆ వాలు మీద అదే పైకి లేచిపోతుంది. అంటే చాంఫర్ లేని బుష్‌కు ఈ డిజైను పని చేయదు. ట్యూబు హోల్డరుకూ స్లైడుకూ మధ్య 0.2 ఖాళీ చాలు.

స్లైడును ఈఎన్8 ఉక్కులో చేయించి సర్ఫేస్ గ్రైండింగ్ కొట్టించండి. కన్నం పై అంచుకు చిన్న వాలు, కింది అంచు పదునుగా. అడుగు గైడు ప్లేటు ర్యామ్ కింద మాత్రం 11 మి.మీ. తెరిచి ఉండాలి, మిగతా దారంతా మూసి ఉండాలి.

దీన్ని తోసేది 16 మి.మీ. బోరు, 50 మి.మీ. స్ట్రోకు సిలిండరు. దీనికి విడిగా ఒక రెగ్యులేటరు పెట్టి 3 బార్ ఇవ్వండి, 6 కేజీల తోపు వస్తుంది. ఎక్కువ పెడితే జామ్ అయిన బుష్‌ను కత్తిరించుకుని పోతుంది, మీకు తెలియను కూడా తెలియదు. జామ్ అయినప్పుడు ఆగిపోవడమే ఈ సిలిండరు నేర్చుకోవాల్సిన మర్యాద.

ఇప్పుడు ఈ యంత్రం మొత్తంలో అతి ముఖ్యమైన 3 మి.మీ. కన్నం. స్లైడును మందం మధ్యలో, పక్కనుంచి, బుష్ కన్నం గుండా అవతలికి పోయేలా అడ్డంగా డ్రిల్లు చేయించండి. స్లైడు ముందుకు వచ్చి ఆగిన చోట దానికి ఇరుపక్కలా ఐఆర్ జత బిగించండి. బుష్ ఉంటే చీకటి. లేకపోతే వెలుతురు. ర్యామ్ దిగే ముందు చీకటి ఉండాలి, ర్యామ్ లేచాక వెలుతురు రావాలి. మొదటిది బుష్ వచ్చిందని, రెండోది బుష్ ఆర్మ్‌లోకి పోయిందని, స్లైడులోనే ఉండిపోలేదని చెబుతుంది. ఇంకో లాభం ఉంది: ఎల్ఈడీ మాడినా, కన్నానికి నూనె మడ్డి పట్టినా సెన్సరు ఎప్పుడూ చీకటే చూపిస్తుంది, ర్యామ్ లేచాక వెలుతురు రాలేదని యంత్రం ఆగిపోతుంది. వైరు షార్ట్ అయి ఎప్పుడూ వెలుతురే చూపిస్తే ర్యామ్ దిగనే దిగదు. ప్రతి సైకిల్‌లో రెండు స్థితులూ చూపించి తీరాల్సిన సెన్సరు చచ్చిపోతే దాచుకోలేదు. ఎప్పుడూ ఒకే జవాబు ఇస్తూ పోయే సెన్సరును పెట్టుకోవడం, పెట్టుకోకపోవడం ఒకటే.

ప్రెస్సు

లివరుకు మోటారు, క్రాంకు తగిలించే పద్ధతి కూడా ఉంది. కానీ క్రాంకు కింది చివరకు వచ్చేసరికి దాని బలానికి లెక్క ఉండదు. అడ్డం ఏమున్నా విరగ్గొట్టి పోతుంది. గాలి సిలిండరు అలా కాదు, రెగ్యులేటరు మీద పెట్టినంతే తోస్తుంది. ఫీడరుకు మోటారు, ప్రెస్సుకు గాలి.

ఆర్బర్ ప్రెస్సు పినియన్, లివరు తీసేసి, పైన 12 మి.మీ. ఎం.ఎస్. ప్లేటు బిగించి, దాని మీద 100 మి.మీ. బోరు, 50 మి.మీ. స్ట్రోకు సిలిండరు నిలబెట్టండి. 5 బార్ దగ్గర 3900 న్యూటన్లు, అంటే 400 కేజీల తోపు. 63 మి.మీ. సిలిండరు చాలదా అంటే లెక్క చూడండి: హోలుకూ బుష్‌కూ తేడా 0.01 మి.మీ. అయితే దాదాపు 1400 న్యూటన్లు కావాలి, 0.02 అయితే 2800. 63 సైజు 5 బార్ దగ్గర 1560 దగ్గరే ఆగిపోతుంది. తేడా 0.03 దాకా పోతుంటే ప్రెస్సును పెంచకండి, రీమరును (హోలును కచ్చితమైన కొలతకు తెచ్చే టూలు) మార్చండి.

సిలిండరు రాడ్డును ర్యామ్‌కు నేరుగా థ్రెడ్డు చేయకుండా ఫ్లోటింగ్ జాయింటు పెట్టండి. పాత ప్రెస్సు గైడు సిలిండరుతో ఎప్పుడూ కచ్చితంగా ఒకే గీతలో ఉండదు, ఆ పక్క బరువు సిలిండరు సీల్‌ను తినేస్తుంది. పంచ్ 9.7 మి.మీ., కొనలో 5.8 మి.మీ. పైలట్ (బుష్ బోరులోకి ముందుగా దూరే సన్నటి కొన) 8 మి.మీ. పొడవున, చివర బుల్లెట్ ఆకారం. పైలట్ లేకపోతే బుష్ అర డిగ్రీ వాలినా అల్యూమినియాన్ని గీరుకుంటూ దిగుతుంది. బుష్ దిగినట్టే కనిపిస్తుంది, షాఫ్టు మాత్రం పట్టదు.

వాల్వు 5/2 (ఐదు దారులు, రెండు స్థితులు), సింగిల్ సోలినాయిడ్ (ఒకే కరెంటు కాయిల్), స్ప్రింగ్ రిటర్న్ తీసుకోండి. కరెంటు పోతే గాలి ఉన్నంతవరకు ర్యామ్ పైకి పోతుంది. డబుల్ సోలినాయిడ్ అయితే ఎక్కడున్నది అక్కడే, కిందికి నొక్కుతూ ఉండిపోతుంది. ఎమర్జెన్సీ స్టాపుతో గాలి మొత్తం వదిలేసే డంప్ వాల్వు కూడా పెడితే, గాలి పోయాక ర్యామ్ సొంత బరువుతో జారకుండా పక్కన ఒక లాగుడు స్ప్రింగు తప్పనిసరి. స్పీడు కంట్రోల్ వాల్వులు బయటికి పోయే గాలిని ఆపేలా, మీటర్-అవుట్ దిశలో బిగించండి. లోపలికి వచ్చే గాలిని ఆపితే ర్యామ్ తడబడుతూ, బుష్ జారగానే ఎగిరి దూకుతుంది.

గాలి ఖర్చు ఒక్కో సైకిల్‌కు దాదాపు 4.7 లీటర్లు. నిమిషానికి 15 అంటే 70 లీటర్లు, రెండున్నర సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు). 2 హెచ్.పి. కంప్రెసరు సుఖంగా లాగుతుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా బెంగళూరు తేమకు ట్యాంకులో నీళ్లు బాగా చేరతాయి. రోజూ పొద్దున్నే డ్రెయిన్ విప్పండి, లేకపోతే వాల్వు స్పూలు పట్టేస్తుంది.

ర్యామ్ పక్కన 100 మి.మీ. స్లైడ్ పొటెన్షియోమీటరు, 10కె. ఆర్డుయినో (యంత్రాన్ని నడిపించే చిన్న కంట్రోలు బోర్డు) దాన్ని 1024 భాగాలుగా చూస్తుంది, అంటే 0.1 మి.మీ. తేడా పట్టుకుంటుంది. చివరి లోతు 0.3 కన్నా తేడా వస్తే ముక్క రిజెక్టు. దీంతోపాటు బుష్ హోలుకు తగిలిన లోతు నుంచి అడుగు దాకా పట్టిన సమయం కూడా కొలవండి. చేత్తో చూసి మంచివని తేల్చిన 50 ముక్కలు నొక్కి, ఆ సమయాల కనిష్ఠం, గరిష్ఠం రాసుకుంటే అదే మీ హద్దు. అంతకన్నా త్వరగా దిగితే హోలు పెద్దది, ఆలస్యమైతే టైటు. లోతు ఒక్కటే చూస్తే వదులు బుష్ కూడా పాసైపోతుంది. బ్రేకు, స్టీరింగు లాంటి భాగాలకు ఈ సమయం లెక్క చాలదు, లోడ్ సెల్ పెట్టాల్సిందే.

చేతులు

ఆర్మ్‌ను నెస్టులో (అది కదలకుండా పట్టే గూడు) పెట్టేది మనిషే. 400 కేజీల ర్యామ్ కింద. రెండు బటన్లు 60 సెం.మీ. దూరంలో పెట్టండి, తక్కువ దూరమైతే ఒక చేయి, దాని మోచేయి కలిపి రెండూ నొక్కేస్తారు, ఇంకో చేయి లోపల ఉంటుంది. రెండు బటన్ల మధ్య వ్యవధి అర సెకను దాటితే సైకిల్ మొదలు కాకూడదు, ర్యామ్ అడుగుకు చేరేదాకా రెండూ పట్టుకునే ఉండాలి. ఈ లాజిక్ ప్రోగ్రాములో ఉంటే ఉండనివ్వండి, కానీ రెండు బటన్ల కాంటాక్టులు ప్రెస్ వాల్వు కాయిల్ 24 వోల్టుల లైనులోనే వరుసగా ఉండాలి. ఆర్డుయినో పిచ్చెక్కినా చేయి తీస్తే కాయిల్‌కు కరెంటు పోవాలి. మూడు వైపులా 5 మి.మీ. పాలీకార్బొనేట్ గార్డు. అక్రిలిక్ ఇక్కడ పనికిరాదు, బుష్ పగిలి ఎగిరితే అదీ పగులుతుంది.

బటన్ నొక్కడం విసుగని ఒకదానికి ప్లాస్టరు చుట్టేసే ఆపరేటర్లు ఉంటారు. రెండూ వదిలితేనే తర్వాతి సైకిల్ అని ప్రోగ్రాములో పెడితే ఆ ప్లాస్టరు వల్ల యంత్రం నడవదు, గొడవా ఉండదు.

కంట్రోలు

24 వోల్టుల 5 ఆంపియర్ల ఎస్ఎంపీఎస్, అందులోంచి బక్ కన్వర్టరుతో మోటారుకు 12, ఆర్డుయినో నానోకు 5. సిలిండర్ల రీడ్ స్విచ్‌లు (పిస్టన్ చివరకు చేరిందని చెప్పేవి) పీసీ817 ఆప్టోకప్లరు గుండా, 3.3కె రెసిస్టరుతో నానోకు రావాలి. నేరుగా తగిలిస్తే పక్క షెడ్డులో వెల్డింగు మొదలైనప్పుడల్లా నానో రీసెట్ అవుతుంది. ప్రతి సోలినాయిడ్‌కూ 1ఎన్4007 డయోడు తలకిందులుగా. ఎస్.పి. రోడ్డులో ఇవన్నీ ఒక్క పూటలో దొరుకుతాయి, తెలుగులో అడిగినా చాలా కౌంటర్లలో జవాబొస్తుంది. ఆదివారం మాత్రం వెళ్లకండి. సిలిండర్లు, వాల్వులు గుజరీలో పాతవి తీసుకుంటే సీల్ కిట్ దొరికే మేకేనా అని ముందు కనుక్కోండి.

వరుస ఇది. ర్యామ్ పైన, స్లైడు వెనక ఉన్నాయా చూడాలి. కింది ట్యూబు సెన్సరు చీకటిగా ఉందా, నెస్టు అడుగున మైక్రోస్విచ్ ఆర్మ్ ఉందంటోందా చూడాలి. రెండు బటన్లు పడగానే స్లైడు ముందుకు, 0.6 సెకన్లలో ముందు రీడ్ స్విచ్ తగలకపోతే వెనక్కి లాగి ఎర్ర లైటు. తగిలితే ఐఆర్ చీకటేనా? అయితే ర్యామ్ కిందికి, గరిష్ఠంగా 2 సెకన్లు. లోతు, సమయం రాసుకుని ర్యామ్ పైకి. పై రీడ్ స్విచ్ తగిలాక ఐఆర్ వెలుతురేనా? అప్పుడు స్లైడు వెనక్కి, బుష్ పడటానికి 0.3 సెకను ఆగడం. ఆర్మ్ తీసి, మైక్రోస్విచ్ ఒకసారి వదిలి, బటన్లు కూడా వదిలితేనే మళ్లీ మొదలు. మైక్రోస్విచ్ వదలాలనే షరతు లేకపోతే ఒకే ఆర్మ్‌లో రెండో బుష్ నొక్కుతుంది.

ఎర్ర లైటు వెలిగితే యంత్రం తనంతట తాను సర్దుకునే ప్రయత్నం చేయకూడదు. మనిషి వచ్చి చూసి రీసెట్ నొక్కాలి. కరెంటు పోయి వచ్చినా అంతే.

నడిపేటప్పుడు

బుష్‌లు లేత్ నుంచి నూనెతో, చీలలతో వస్తాయి. అలాగే పోస్తే ఒకదానికొకటి అతుక్కుని స్లాట్లు ఖాళీగా తిరుగుతాయి. లీటరు వేడినీళ్లకు 10 మి.లీ. గిన్నెలు తోమే లిక్విడ్ వేసి కడిగి, జాడించి, పూర్తిగా ఆరబెట్టండి. మెరుపు కోసం నిమ్మ ఉప్పులో రాత్రంతా నానబెట్టే అలవాటు వద్దు. ఇత్తడిలోని జింకు కరిగి పైతలం గులాబీ రంగుకు తిరుగుతుంది.

గిన్నెలో ఒక్కసారికి 150 బుష్‌లు, అంటే కేజీ, చాలు. ఎక్కువ పోస్తే ఫీడరు వేగం తగ్గుతుంది, పెరగదు. బరువుకు అడుగున ఉన్నవి స్లాటులోకి దొర్లే చోటు దొరకదు.

స్లైడు దగ్గర మాటిమాటికీ జామ్ అవుతుంటే ముందు స్లైడును అనుమానించకండి. ఆ లాట్‌లో 20 బుష్‌లు తీసి మైక్రోమీటరుతో పొడవు కొలవండి. 16.2 దాటినవి కనిపిస్తే తప్పు లేత్ స్టాపరుది. పొడవు సరిగ్గా ఉండి కూడా జామ్ అయితే, బుష్‌ను వేలి మీద తిప్పి చూడండి: పార్టింగ్ చేసిన (లేత్ మీద కడ్డీ నుంచి కోసి విడదీసిన) వైపు సన్నటి బర్ (లోహపు గరుకు అంచు) చాంఫర్ మీద గోరుకు తగులుతుంది. ఆ వైపు టూలు పదును పోయిందని అర్థం. సమయం హద్దు దాటి రిజెక్టులు వరసగా వస్తుంటే ముందు గాలి ప్రెషరు గేజి చూడండి, తర్వాత రీమరు. పొద్దున బాగా నడిచి మధ్యాహ్నానికి మాత్రమే తేడా వస్తుంటే అదే లైను మీద ఇంకెవరైనా బ్లో గన్ వాడుతున్నారేమో చూడండి. అలాగైతే ప్రెస్సు ముందు విడిగా 20 లీటర్ల చిన్న రిసీవరు ట్యాంకు, దానికి ఒక నాన్-రిటర్న్ వాల్వు వేయించండి.